క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదలవురా

ఏరా నాన్నా,

మీ అమ్మ ఫోన్ చేసింది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని పాలకొల్లులో చూపించుకున్నావట, డీప్ క్లీనింగ్ చేయించుకోమన్నారట, నువ్వేమో గార తీయిస్తే ఉన్న పళ్ళు కూడా కదిలిపోతాయని ఎవరో అన్నారని వాయిదా వేస్తున్నావట. పళ్ళ డాక్టరు పక్కన అసిస్టెంటుగా ఇన్నేళ్ళు పనిచేసిన మీ పెద్దమ్మ చెబుతోంది, ఆ మాట నమ్మకు. ఆ భయంతోనే పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

పళ్ళ మీద రోజూ పాచి పేరుకుంటుంది, అది బ్రష్‌తో పోతుంది. పోకుండా మిగిలిందే ఉమ్మిలోని కాల్షియం పట్టి గట్టిపడి గార అవుతుంది, ఇక దాన్ని ఏ పేస్టూ వేపపుల్లా కచ్చికా కదపలేవు. కింద ముందు పళ్ళ వెనక నాలుకతో తడిమి చూడు, గరుగ్గా తగులుతుందే, అదే. దాని మీద పెరిగే క్రిముల వల్ల చిగురు వాచి రక్తం వస్తుంది. అంతవరకే అయితే శుభ్రం చేస్తే పూర్తిగా తగ్గిపోతుంది. వదిలేస్తే మాత్రం చిగురు పంటిని విడిచి లోపలికి సందు పడి, పంటిని పట్టుకున్న ఎముక కరుగుతుంది. పెద్దగా నొప్పి కూడా ఉండదు, అందుకే జనం తెలుసుకోలేరు. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

గార తీశాక పళ్ళ మధ్య సందులు కనబడతాయి, చల్లనీళ్ళు తాగితే కొన్నాళ్ళు జివ్వుమంటుంది, కొందరికి కాస్త కదిలినట్టు కూడా ఉంటుంది, నిజమే. కానీ ఎముక ముందే పోయింది, ఆ ఖాళీని గార కప్పేసిందంతే. కాలవ గట్టు జారిపోయిన చోట గుర్రపుడెక్క అల్లుకుని ఉంటే, అది లాగేసినవాడే గట్టు కూల్చాడంటామా?

క్లీనింగ్‌కి వెళితే మొదట గీతలున్న సన్నటి కడ్డీని పంటికీ చిగురుకీ మధ్య దించి ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలుస్తారు. డాక్టరు గారు అంకెలు చెబుతుంటే నేను రాసేదాన్ని. 3 మిల్లీమీటర్ల వరకూ ఫర్వాలేదు, 4 నుంచి జాగ్రత్తపడాలి, 6 దాటితే గట్టి వైద్యమే కావాలి. ఎక్స్‌రేలో ఎముక ఎంతుందో తెలుస్తుంది. ఆ తర్వాత చిగురు తిమ్మిరెక్కేలా అక్కడికి మాత్రం మత్తిచ్చి, చిగురు కింద వేరు మీదున్న గార గీకేస్తారు, నోరంతా ఒక్కసారే చేయకుండా విడతలుగా పిలవొచ్చు. రెండు మూడు నెలలకి మళ్ళీ కొలిచి, లోతు తగ్గని చోట్ల మాత్రమే చిగురు తెరిచి చేసే ఫ్లాప్ సర్జరీ సంగతి ఆలోచిస్తారు. దాని గురించి ఇప్పట్నుంచే టెన్షన్ పడకు. డబ్బు ఇబ్బందైతే భీమవరం విష్ణు డెంటల్ కాలేజీకి వెళ్ళు, కాలేజీల్లో టైము పట్టినా ఖర్చు తక్కువవుతుంది.

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగి ఊరుకోకు, మాత్రలతో గార ఊడదు. మీ నాన్నకి షుగరుంది కదా, నువ్వూ పరీక్ష చేయించుకో. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు సరిగా మానవు, చిగుళ్ళు బాగోకపోతే షుగరూ ఓ పట్టాన లొంగదు. రాత్రిళ్ళు చెరువు గట్టు మీద కాల్చే ఆ సిగరెట్లు కూడా మానాల్రా. సిగరెట్ తాగేవాళ్ళకి రక్తం తక్కువ కనబడుతుంది, బాగానే ఉందనుకుంటారు, లోపల ఎముక మాత్రం ఇంకా తొందరగా పోతుంటుంది.

రక్తం వస్తోందని బ్రష్ మానకు. మెత్తటి బ్రష్ చిగురు అంచుకి వాలుగా పెట్టి, రెండు పూటలా రెండేసి నిమిషాలు, గట్టిగా రుద్దకుండా తోముకో. సందుల్లోకి దూరే చిన్న బ్రష్షులు అమ్ముతారు, నీకు ఏ సైజు సరిపోతుందో డాక్టరు గారినే అడుగు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే చెప్పినన్ని రోజులే వాడు, ఎక్కువైతే పళ్ళు గోధుమరంగు తిరుగుతాయి.

వెళ్ళేరోజు టిఫిన్ తిని వెళ్ళు. మత్తు దిగేదాకా వేడి టీ తాగకు, పెదవి కాలినా తెలీదు. ఆ అంకెల కాగితం అడిగి తీసుకుని ఫొటో పంపు, ఏ పంటి దగ్గర ఎంతుందో చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ