అంబర్‌లో లార్వాలు, గుడ్లు ఎందుకంత అరుదు?

అంబర్ (రాయిలా గట్టిపడిన పాతకాలపు చెట్టు జిగురు) ఫోటోల్లో ఎప్పుడు చూసినా చీమలు, ఈగలే ఉంటాయి, లార్వాలు (గుడ్డులోంచి వచ్చిన పురుగు పిల్లలు), గుడ్లు మెత్తగా ఉంటాయి కాబట్టి కుళ్ళిపోతాయా అని అడిగారు కదా. కొన్నేళ్లుగా సరదాకి అంబర్ ముక్కలు మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తుంటాను, నాకు అర్థమైనంతలో మెత్తదనం కాదండీ అసలు కారణం. జిగురులో మునిగాక సన్నటి నూగు కూడా అలాగే ఉండిపోతుంది, అందులో పడటమే కష్టం. రెక్కల పురుగు ఎగిరొచ్చి అంటుకుంటుంది, లార్వాలేమో చాలావరకు మట్టిలోనో కుళ్ళిన చెక్క లోపలో నీళ్లలోనో ఉంటాయి, ఇక ప్యూపాలు (లార్వా పెద్ద పురుగుగా మారే దశలో ఉన్నవి) చాలావరకు ఉన్నచోటు నుంచి కదలవు. అందుకే దొరికేవాటిలో బెరడు మీదా ఆకుల మీదా తిరిగేవే ఎక్కువ. అలాగని నీటి పురుగులు అసలు రావని కాదు, ఫ్లోరిడా చిత్తడి అడవిలో చెట్ల జిగురు నీళ్లలోకి కారి అక్కడి జీవుల్ని పట్టేయడం గమనించి ష్మిట్, డిల్చర్ అనే పరిశోధకులు 2007లో రాశారు.

నాకు బాగా నచ్చింది మాత్రం లెబనాన్ అంబర్‌లోది, దాదాపు 13 కోట్ల ఏళ్ల నాటిది. అప్పుడే పుట్టిన లేస్‌వింగ్ (వలలాంటి రెక్కలుండే పురుగు) పిల్లలు, పక్కనే వాటి గుడ్డు పెంకులు, ఆ పెంకుని చీల్చుకోడానికి వాడిన, రంపంలా పళ్లున్న చిన్న పరికరం కూడా పెంకుకే అంటుకుని ఉంది! ఆ పురుగుకి ట్రాజిక్రైసా అని పేరు పెట్టారు. స్పెయిన్‌లో ఎల్ సొప్లావోలో దొరికిన ఇంకో లార్వా అయితే మొక్కల నూగు పోగేసి వీపుమీద మోసుకు తిరిగేది, శత్రువులకి కనపడకుండా అన్నమాట, కొన్ని లేస్‌వింగ్ లార్వాలు ఇప్పటికీ చెత్త మోస్తూనే ఉన్నాయి.

మీ దగ్గర ముక్క ఉంటే ఒకటి చూడండి. చాలామంది లార్వా అని మురిసిపోయేది పురుగు వదిలేసిన కుబుసం అయ్యుంటుంది. వీపు మీద పొడుగ్గా చీలిక, లోపల తెల్లటి దారాల్లాంటివి (శ్వాసనాళాల లోపలి పొర, దాన్నీ వదిలేస్తాయి) కనిపిస్తే అది ఖాళీ తొడుగే. నా మట్టుకు అదీ తక్కువేం కాదు, పురుగు పెరుగుతున్న క్షణం దొరికినట్టేగా. ముక్క పై భాగం వంకరగా ఉండి సరిగ్గా కనపడకపోతే ఒక గ్లిజరిన్ చుక్క వేసి కవర్ స్లిప్ (పలుచటి గాజు బిళ్ల) పెట్టండి, చాలా తేడా తెలుస్తుంది. జాతి పేరు మాత్రం గట్టిగా చెప్పమని ఎవర్నీ అడక్కండి, బతికున్న లార్వానైతే పెంచి ఏమవుతుందో చూడొచ్చు, దీన్ని పెంచలేం, చాలాసార్లు కుటుంబం (దగ్గరి జాతులన్నీ కలిసిన పెద్ద గుంపు) వరకు తేలితేనే గొప్ప. ఫోటో పెట్టేటప్పుడు వెనక లైట్ వేసి, పక్క నుంచి కూడా ఒకటి తీయండి.