కౌంటీ హెల్త్ డేటా ఉచితమే, ప్రశ్న మాత్రం మీరే తయారు చేసుకోవాలి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ఫార్మ్‌డీ చేసి, ఇప్పుడు అమెరికాలో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చదువుతున్నాను. కోర్సు చివర చేసే క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు కోసం కౌంటీ (మన జిల్లా లాంటిది) స్థాయి డేటా చూడమని మా ప్రొఫెసర్ ‘ఏరియా హెల్త్ రిసోర్సెస్ ఫైల్స్’ పేరు చెప్పారు. సీనియర్ ఒకరేమో అది కొనుక్కోవాలంటున్నారు. పాత ఫైలొకటి దొరికితే తెరిచి చూశాను. వేల కాలమ్‌లు, అర్థం కాని కోడ్‌లు. నాకు కోడింగ్ అంతంతమాత్రం, టెన్షన్‌గా ఉంది. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా? దీని బదులు డేటా అనలిటిక్స్ కోర్సులో చేరడం మంచిదా?

జవాబు: కొనక్కర్లేదు. దీన్ని ఒకప్పుడు ‘ఏరియా రిసోర్స్ ఫైల్’ అనేవారు. అప్పట్లో డబ్బు కట్టి తెప్పించుకోవాల్సి వచ్చేది, మీ సీనియర్ ఆ మాట విని ఉంటారు. ఇప్పుడు అమెరికా ఆరోగ్య శాఖ కింద పనిచేసే హెచ్‌ఆర్‌ఎస్‌ఏ తన డేటా సైట్‌లో ఉచితంగానే ఇస్తోంది. డేటా డౌన్‌లోడ్ పేజీలో ఈ పేరు వెతికి, కౌంటీ ఫైలును సీఎస్‌వీ (ఎక్సెల్‌లోనూ తెరుచుకునే సాదా పట్టిక) రూపంలో దించుకోండి. దాని పక్కనే టెక్నికల్ డాక్యుమెంటేషన్ ఉంటుంది, దాన్ని తప్పకుండా తీసుకోండి. నా మాట విని మొదటి వారం డేటా తెరవకండి, ఆ డాక్యుమెంటేషనే చదవండి.

ఎందుకంటే ఈ ఫైలును ఎవరో సర్వే చేసి తయారు చేయలేదు. యాభైకి పైగా చోట్ల నుంచి తెచ్చిన లెక్కల్ని కౌంటీల వారీగా ఒకచోట పేర్చారు. డాక్టర్ల సంఖ్య అమెరికన్ మెడికల్ అసోసియేషన్ రికార్డుల నుంచి, ఆసుపత్రులు, పడకల లెక్క అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ సర్వే నుంచి, జనాభా, ఆదాయం వంటివి సెన్సస్ బ్యూరో నుంచి వస్తాయి. మొత్తం ఆరు వేలకు పైగా కాలమ్‌లు. ఒక్కో లెక్క ఒక్కో ఏడాదిది. ఫైలు పేరులో కనిపించే సంవత్సరం అది విడుదలైన సంవత్సరం మాత్రమే, లోపలి అంకెలు చాలావరకు అంతకు ముందువి. మిమ్మల్ని భయపెట్టిన పాత ఫైళ్ల కోడ్‌లలో కూడా ఈ సమాచారమే ఉంది. ఉదాహరణకు ఎఫ్1198416 అంటే 11984 అనేది జనాభా అంచనా, చివరి 16 అంటే 2016. ఇది తెలిశాక భయం సగం తగ్గుతుంది.

ఆరు వేలలో మీకు కావలసినవి పదో పన్నెండో. అవి ఏవో తేల్చేది మీ ప్రశ్నే. ‘అమెరికాలో ఆరోగ్య సేవల అసమానతలు’ అని పెట్టుకుంటే ఆరు వేలూ కావాలనిపిస్తుంది. అదే ‘మిసిసిపీలోని 82 కౌంటీల్లో ప్రసూతి వైద్యులు ఒక్కరూ లేనివి ఏవి? వాటికి ఆనుకున్న కౌంటీల్లో ప్రసూతి సేవలున్న ఆసుపత్రి ఉందా?’ అని అడిగితే కౌంటీ కోడ్, గైనకాలజిస్టుల సంఖ్య, ప్రసవాలు జరిగే ఆసుపత్రులు, 15-44 ఏళ్ల మహిళల జనాభా, గ్రామీణ-పట్టణ కోడ్‌తో పని మొదలైపోతుంది. మార్చ్ ఆఫ్ డైమ్స్ అనే సంస్థ ప్రసూతి సేవలు లేని కౌంటీల మీద ఇచ్చే నివేదికలకు ఈ ఫైలును వాడుతుంది. దేశంలోని కౌంటీల్లో మూడో వంతుకు పైగా అలాంటివేనని ఆ సంస్థ చెబుతోంది. ఆ నివేదిక పద్ధతుల భాగం ఒకసారి చదవండి. ఏ కాలమ్‌ను దేనికి వాడారో కనిపిస్తుంది.

ఇక చేతులు కాలే చోట్లు చెబుతాను, ఇంటర్వ్యూలో అడిగేవీ ఇవే. కౌంటీలను గుర్తించే ఐదంకెల ఫిప్స్ కోడ్ కొన్ని రాష్ట్రాల్లో సున్నాతో మొదలవుతుంది. అలబామాలోని ఆటాగా కౌంటీది 01001. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే అది 1001 అయిపోతుంది, మరో ఫైలుతో కలిపేటప్పుడు ఆ కౌంటీ గల్లంతవుతుంది. ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఏది వాడినా ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా చదివించండి. తర్వాత కౌంటీలు మారుతుంటాయి. దక్షిణ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా అయింది, కోడ్ కూడా మారింది. 2022లో కనెక్టికట్‌లోని 8 కౌంటీల స్థానంలో 9 ప్లానింగ్ రీజియన్లను లెక్కకు తీసుకోవాలని సెన్సస్ బ్యూరో నిర్ణయించింది. పాత ఏళ్లతో పోల్చేటప్పుడు ఇవి చూసుకోకపోతే మీ పట్టికలో ఒక రాష్ట్రం మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ గడిని సున్నాగా తీసుకోవాలా, సమాచారం లేదనుకోవాలా అన్నది కూడా డాక్యుమెంటేషన్‌లోనే చూడాలి. దాన్ని ఊహించకూడదు.

వీటికన్నా ముఖ్యమైనది అంకెను ఎలా చదవాలన్నది. టెక్సస్‌లో లవింగ్ కౌంటీ జనాభా 2020 సెన్సస్‌లో 64 మంది. అక్కడ ఒక్క డాక్టర్ ఉన్నారనుకోండి, పదివేల మందికి 156 మంది డాక్టర్లన్నట్టు వస్తుంది. అదే సెన్సస్‌లో లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభా కోటి దాటింది. ఈ రెండింటినీ ఒకే వరుసలో పెట్టి ర్యాంకులు ఇస్తే ఆ పట్టికకు అర్థం లేదు. మిన్నెసోటాలోని ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో మయో క్లినిక్ ఉంది. అక్కడి డాక్టర్ల సంఖ్య స్థానికుల అవసరాన్ని బట్టి ఏర్పడింది కాదు, ఎక్కడెక్కడి నుంచో రోగులు అక్కడికి వస్తారు. మనుషులు కౌంటీ సరిహద్దు చూసుకుని ఆసుపత్రికి వెళ్లరు. కౌంటీ సగటు చూసి అక్కడి ఒక్కో మనిషి గురించి తీర్పు చెప్పడమూ తప్పే. మీ నివేదికలో పరిమితుల భాగాన్ని ఒక వాక్యంతో దాటేయకండి. ఆ అరపేజీని బట్టే మీకు విషయం తెలుసో లేదో తెలిసిపోతుంది.

ఇక ఉద్యోగం మాట. పనికొస్తుంది, అయితే ఫైలు పేరు రెజ్యూమెలో రాసుకున్నంత మాత్రాన కాదు. ప్రతి రాష్ట్రంలోనూ ప్రైమరీ కేర్ ఆఫీస్ ఉంటుంది. ఎక్కడ వైద్యుల కొరత ఉందో లెక్కగట్టి, ఆ ప్రాంతాలకు కొరత గుర్తింపు కోసం హెచ్‌ఆర్‌ఎస్‌ఏకు పంపేది వాళ్లే. మామూలుగా 3,500 మందికి ఒక ప్రైమరీ కేర్ డాక్టరైనా లేకపోతే కొరత కింద లెక్క, అవసరం మరీ ఎక్కువున్న చోట ఆ హద్దు 3,000. ఈ గుర్తింపుతో మనవాళ్లకూ సంబంధం ఉంది. జే-1 వీసా మీద అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేసిన మన డాక్టర్లు చాలామంది కాన్రాడ్ 30 పథకం కింద కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి, స్వదేశానికి రెండేళ్లు వెళ్లాలన్న నిబంధన నుంచి మినహాయింపు పొందుతారు. మీరు దించుకునే ఫైలులో ఆ కొరత గుర్తింపు కూడా ఒక కాలమే. హాస్పిటల్ సంస్థల ప్లానింగ్ విభాగాలు, యూనివర్సిటీల గ్రామీణ ఆరోగ్య పరిశోధన కేంద్రాలు కూడా ఇలాంటి డేటాతో పనిచేస్తాయి. ఫెడరల్ ఉద్యోగాలకు ఎక్కువగా పౌరసత్వం అడుగుతారు కాబట్టి మీ ప్రయత్నం యూనివర్సిటీల వైపు పెట్టండి. వాటికి హెచ్-1బీ వర్క్ వీసా లాటరీ ఉండదు.

అనలిటిక్స్ కోర్సు ఇప్పుడు వద్దు. కాలమ్‌లు ఎంచుకోవడం, రెండు ఫైళ్లు కలపడం, అడ్డంగా వేర్వేరు కాలమ్‌లలో ఉన్న ఏళ్లను నిలువుగా ఒకే కాలమ్‌లోకి మార్చడం, ఒక మ్యాప్ గీయడం, ఈ నాలుగూ వస్తే ఈ ప్రాజెక్టుకు చాలు. అవి ప్రాజెక్టు చేస్తూనే వస్తాయి. ఆ డబ్బు దాచుకోండి. స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన మీ ఐ-20 పత్రం మీద ఉన్న ప్రోగ్రామ్ కోడ్ మాత్రం ఇవాళే చూసుకోండి. జనరల్ పబ్లిక్ హెల్త్ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు, ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ ఉన్నాయి. చదువయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే ఓపీటీ అనుమతి ఒక ఏడాదా, మూడేళ్లా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. ప్రోగ్రామ్ మారే అవకాశం ఉంటే మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఈ సెమిస్టర్‌లోనే అడగాలి.

రేపు ఇంటికి తిరిగొచ్చినా ఈ పని వృథా కాదు. తెలంగాణ 2016లో 10 జిల్లాల నుంచి 31 అయింది, ఆంధ్రప్రదేశ్ 2022లో 13 నుంచి 26 అయింది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణకు పాత 10 జిల్లాలే ఉన్నాయి, 2019-21 సర్వేలో ఆంధ్రకు పాత 13 జిల్లాలే. కనెక్టికట్ చిక్కును విప్పినవాళ్లకు, పాత గుంటూరు జిల్లాలోంచి ఏర్పడిన పల్నాడు లెక్క ఎక్కడ దాగుందో వెతకడం తెలుస్తుంది.

ఈ వారం ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక పేజీ తీసుకెళ్లండి. పైన మీ ప్రశ్న ఒక వాక్యంలో, కింద మీరు ఎంచుకున్న కాలమ్‌ల పేర్లు, ప్రతి దాని పక్కన అది ఏ సంస్థ లెక్క, ఏ సంవత్సరానిది అన్నది రాయండి. ఆయన దాని మీద దిద్దినదే మీ పద్ధతుల అధ్యాయానికి మొదటి చిత్తుప్రతి అవుతుంది.