కారు రంగు లేచిపోతే ఇంట్లోనే సరిచేసుకోవచ్చా, షెడ్డుకే ఇవ్వాలా?

ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే మీరు రెండు దెబ్బల గురించి అడిగారు. ఒకటి ముందు బంపరు మీద పడిన మూరెడు గీత, రెండోది వెనుక తలుపు కింది అంచున లేచిపోయిన గోరంత పెచ్చు. బంపరు గీత గురించి మీరు చాలా బాధపడి రాశారు, పెచ్చును మాత్రం ఒక్క మాటలో తేల్చేశారు. నా అనుభవంలో ముందు చూడవలసింది ఆ పెచ్చునే. బంపరు ప్లాస్టిక్కు కాబట్టి దానికి తుప్పు పట్టదు. తలుపు మాత్రం ఇనుప రేకు.

మాది విశాఖపట్నం. సముద్రం మా కాలనీకి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. ఇక్కడి ఉప్పుగాలికి గేట్లూ కిటికీ ఊచలూ ఎంత త్వరగా పాడవుతాయో ఈ ఊరివారందరికీ తెలుసు. అయినా 2019 వేసవిలో గేటు గడియ తగిలి మా వెండిరంగు కారు ఎడమ వెనుక తలుపు మీద చిటికెనవేలి గోరంత రంగు లేచినప్పుడు, అది నాకు అందానికి సంబంధించిన విషయంగానే కనబడింది. సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే తలుపు మొత్తానికి రంగు వేయాలని, ఖర్చు ఇన్సూరెన్సులో పెట్టుకోమని చెప్పారు. క్లెయిము పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుందన్న మాట మాత్రం నేను అడిగేదాకా ఎవరూ చెప్పలేదు. ఐదేళ్లు క్లెయిము లేకుండా ఉంటే సొంత కారుకు జరిగే నష్టం కోసం కట్టే ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. గోరంత రంగు కోసం దాన్ని వదులుకోమనడం న్యాయం కాదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

బానెట్ కింద చీటీ మీద ఉన్న రంగు కోడ్ చూసుకుని టచప్ పెన్ను కొన్నాను. ఆ సాయంత్రమే గుడ్డతో తుడిచి, పెచ్చు ఊడినచోట రంగు పూశాను. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే దెబ్బ తెలియలేదు. వానాకాలం గడిచి, కార్తీకమాసంలో ఒక ఉదయం కారు కడుగుతుంటే అక్కడే వేలికి ఆవగింజలాంటి బుడిపె తగిలింది. గోటితో నొక్కితే చుట్టూ ఉన్న రంగు ఉల్లిపొరలా లేచి వచ్చింది. కింద ఎర్రమట్టిలాంటి పొడి, ఆ పొడి తుడిస్తే రేకు మీద సూదిపోట్లలాంటి నల్లచుక్కలు కనిపించాయి. గోరంత దెబ్బ రూపాయి బిళ్లంత అయింది. కంపెనీ వేసిన మంచి రంగు కిందికే తుప్పు పాకింది. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పైనున్న రంగును లోపలినుంచి పైకి నెట్టేస్తుంది. తేమా ఉప్పూ లోపల ఉండగానే నేను వాటిమీద రంగు వేసి మూసేశాను.

మా వీధి చివర షెడ్డులో టింకరింగు పని చేసే పెద్దాయనకు చూపించాను. ఆయన వేలితో తడిమి చూసి, "బాబూ, రంగు సంగతి తరవాత. ముందు రేకు తెల్లగా మెరిసేదాకా గీకండి. నల్లచుక్క ఒక్కటి మిగిలినా మళ్లీ నా దగ్గరికే వస్తారు" అన్నారు. ఆ మాట పట్టుకుని, గాలి పొడిగా ఉండే రోజుల కోసం ఆగి, సంక్రాంతి దాటాక పని మొదలుపెట్టాను. రెండు రోజులు పట్టింది.

మొదటి రోజంతా గీకడానికే సరిపోయింది. 120 నంబరు ఎమరీ కాగితంతో, తరువాత 320తో, తుప్పు ఆగినచోట ఆపకుండా గట్టి రంగు తగిలేదాకా వెళ్లాను. గుంటల్లో మిగిలిన నల్లచుక్కలకు తుప్పును కదలని గట్టి పొరగా మార్చే, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చాను. తరువాత థిన్నరుతో జిడ్డు తుడిచి, అదే పూట ఎపాక్సీ ప్రైమరు, అంటే రంగుకు ముందు రేకుకు అంటుకుని తేమను ఆపే అడుగుపూత, రెండుసార్లు వేశాను. బోసిగా ఉన్న రేకును మా ఊరి గాలిలో ఒక్క రాత్రి వదిలినా మళ్లీ తుప్పు మొదలవుతుంది. లప్పం ప్రైమరు మీదే పెట్టాలి, అదీ పలచగా. తుప్పు మీద లప్పం పెట్టి నునుపు చేసి ఇచ్చే షెడ్లు చాలా ఉన్నాయి. లప్పం తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఆ పని రెండు వానాకాలాలు కూడా నిలవదు.

మరునాడు 600 నంబరు వాటర్ పేపరుతో ప్రైమరును సమం చేసి, చుట్టూ కాగితం అంటించి, స్ప్రే డబ్బాతో జానెడు దూరం నుంచి రంగును పలచగా నాలుగుసార్లు వేశాను. ఒక పూతకూ మరో పూతకూ మధ్య పావుగంట ఆగాను. వెండిరంగు విషయంలో ఒకటి ముందే తెలుసుకోండి. అందులోని లోహపు రేణువులు కుంచెతో పూస్తే ఒక తీరుగా, స్ప్రే చేస్తే మరో తీరుగా పరుచుకుంటాయి, అందువల్ల కోడ్ అదే అయినా ఎండలో ఛాయ తేడా కనబడుతుంది. పైన క్లియరు, అంటే రంగును కాపాడే పారదర్శకమైన పూత, వేశాను. గట్టిపరిచే ద్రవం కలిపే రకం క్లియరు మరింత మన్నుతుంది గానీ, అందులో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హానికరం, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. కాబట్టి ఇంటి దగ్గర ఒకే డబ్బాలో వచ్చే మామూలు క్లియరే వాడండి.

గోటికి తగలని సన్నగీతలకు ఇదంతా అవసరం లేదు, పాలిష్ సరిపోతుంది. అదీ మితంగానే చేయాలి. కంపెనీ రంగు పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే దాదాపు రెండు తలవెంట్రుకల మందం. అందులో పై క్లియరు వాటా 40, 50 మైక్రాన్లే. టూత్‌పేస్టుతో రుద్దితే గీత పోతుందని వీడియోలు చూపించేవారు ఆ పొరనే అరగదీయమని చెబుతున్నారు. పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము తుడిపించడం వల్ల జరిగేదీ అదే. మా వాచ్‌మన్‌కు ముందు నీళ్లు పోసి తరువాత తుడవమని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

నేను చేసిన ఆ మచ్చ ఎండలో దగ్గరగా చూసేవారికి ఈనాటికీ కొంచెం ముదురుగా కనబడుతుంది. అంచు మాత్రం ఎక్కడా పైకి లేవలేదు. ఇంటి పని నుంచి ఆశించవలసింది అదేనని నా గట్టి అభిప్రాయం. ఛాయ అచ్చంగా కలవాలంటే షెడ్డుకే వెళ్లాలి.

కాబట్టి మీరు బంపరును అలాగే వదిలేసి, ఎండ కాసే రోజు చూసుకుని తలుపు పని మొదలుపెట్టండి. పెచ్చు ఊడినచోట ఇనుము ఇంకా మెరుస్తూ ఉంటే అదృష్టవంతులు. జిడ్డు తుడిచి, కొస చెక్కిన చీపురుపుల్లతో ప్రైమరు ఒక చుక్క, అది ఆరాక రంగు రెండు మూడు చుక్కలు పెడితే చాలు. గోధుమరంగు కనబడితే మాత్రం ఎమరీ కాగితం నుంచి మొదలుపెట్టాలి. తలుపు కింది అంచున నీళ్లు కారిపోవడానికి సన్నని కంతలు ఉంటాయి, వాటిని లప్పంతోగానీ రంగుతోగానీ మూసేయకండి.