టూరిస్టు వీసాపై వెళ్లి జర్మనీలో స్టూడెంట్ వీసాగా మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎంఎస్ సీటు వచ్చింది. అక్టోబరులో తరగతులు మొదలవుతాయి. వీసా స్లాట్ దొరకడం లేదు కనుక ముందు టూరిస్టు వీసాపై పంపి, అక్కడికి వెళ్లాక మార్పించుకోవచ్చని కన్సల్టెన్సీ వారు అంటున్నారు. ఏడాది ఖర్చును ముందే జమ చేసి చూపాల్సిన బ్లాక్డ్ అకౌంట్‌కు సరిపడా డబ్బు మా దగ్గర లేదు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది పూచీ ఇస్తానంటున్నారు. అది చెల్లుతుందా? - ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కన్సల్టెన్సీ వారి సలహాను దయచేసి పాటించకండి. జర్మనీ నివాస చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం, అక్కడ దీర్ఘకాలం ఉండదలచినవారు అందుకు తగిన వీసాతోనే దేశంలో అడుగుపెట్టి ఉండాలి. అమెరికా, జపాన్ వంటి కొన్ని దేశాల పౌరులు వీసా లేకుండా వెళ్లి అక్కడే అనుమతి తీసుకోవచ్చు గానీ, భారతీయులకు ఆ వెసులుబాటు లేదు. పైగా, చదువుకు వెళుతూ పర్యటనకని దరఖాస్తులో రాయడం తప్పుడు సమాచారం ఇవ్వడమే అవుతుంది. 95వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల వరకు జైలు గానీ జరిమానా గానీ పడవచ్చు. సలహా ఇచ్చింది ఎవరైనా, దరఖాస్తుపై సంతకం మీ అబ్బాయిదే కనుక బాధ్యత కూడా అతనిదే.

అతనికి కావలసింది 16బి సెక్షన్ కింద చదువు కోసం ఇచ్చే జాతీయ వీసా, అంటే డి రకం వీసా. భారతీయ డిగ్రీతో వెళ్లేవారికి 2022 నవంబరు 1 నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే చదువు పత్రాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చే ధ్రువపత్రం కూడా తప్పనిసరి అయింది.

ఇక డబ్బు విషయం. బ్లాక్డ్ అకౌంట్‌లో ప్రస్తుతం ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 యూరోల చొప్పున చూపాలి. ఇక్కడి బ్యాంకు విద్యారుణాన్ని కూడా ఆ ఖాతాలో జమ చేయవచ్చు. మీ బావమరిది పూచీ చట్టప్రకారం చెల్లుతుంది, కానీ స్టాంపు కాగితంపై రాసిన అఫిడవిట్ రూపంలో చెల్లదు. ఆయన తానుండే ఊరి విదేశీయుల కార్యాలయానికి స్వయంగా వెళ్లి, ఆదాయాన్ని రుజువు చేసి, 66 నుంచి 68 వరకు గల సెక్షన్ల కింద అధికారిక పూచీపత్రంపై సంతకం చేయాలి. ఆ తరువాత మీ అబ్బాయి తిండికో, వసతికో, వైద్యానికో అక్కడి ప్రభుత్వ నిధులు ఖర్చయితే ఆ మొత్తాన్ని ఆయన నుంచే వసూలు చేస్తారు. ఈ బాధ్యత ఐదేళ్లు ఉంటుంది, మధ్యలో రెండు కుటుంబాలకు మాటలు లేకుండా పోయినా అది తొలగిపోదు. ఆయనకు ఇదంతా ముందే వివరించి, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే అడగండి. నా అభిప్రాయంలో మీకు విద్యారుణమే మేలు.

స్లాట్ ఆలస్యమైతే, ఆలస్యంగా చేరే గడువు గానీ తదుపరి సెమిస్టరుకు సీటు వాయిదా గానీ కోరుతూ విశ్వవిద్యాలయానికి వెంటనే ఈమెయిల్ పంపి, జవాబును భద్రపరచండి. వీసా నిరాకరిస్తే కాన్సులేట్‌కే అభ్యంతరం రాసుకునే పద్ధతిని 2025 జులై 1 నుంచి రద్దు చేశారు. ఇప్పుడు మిగిలినవి కొత్త దరఖాస్తు, లేదా గడువులోగా బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానంలో దావా. అందుచేత ఏపీఎస్, ప్రవేశపత్రం, డబ్బు ఆధారం, ఆరోగ్య బీమా అన్నీ సిద్ధమయ్యాకే మొదటి దరఖాస్తు వేయించండి.