క్యాష్ కౌంటర్ నుంచి రాసిన అమ్మాయికి

అమ్మా,

నీ బ్యాంకు ఉద్యోగం గురించి రోజువారీగా రాసి పంపిన 'క్యాష్ కౌంటర్‌లో ఒక వారం' చదివాను. మంగళవారం దగ్గర కోపం వచ్చి కాగితాలు పక్కన పెట్టేశాను. తర్వాత మళ్ళీ తీసి గురువారం చదివాక, నీకు ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

గురువారం నువ్వు రాసింది నాలుగు ముక్కలే. ఫ్యామిలీ పెన్షన్‌కి వచ్చిన ముసలమ్మ వేలిముద్ర వేసింది, ఇంకు అంటిన వేలిని తలకు తుడుచుకుంది, కొంగు సర్దుకుంది, డబ్బు లెక్కపెట్టి చెప్పమని లైన్లో వెనకున్న కుర్రాడికిచ్చింది. అక్కడితో ఆపావు. బాగుంది. వేలిని తలకు తుడుచుకోవడం మనందరం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, కాగితం మీద మాత్రం నేనింతవరకూ చదవలేదు.

ఇప్పుడు మంగళవారం. దుగ్గిరాల నుంచి వచ్చిన రైతు పసుపు అమ్మిన డబ్బు జమ చేశాడు. నోట్లకు పసుపు అంటి ఉంది. లెక్కపెట్టేసరికి నీ వేళ్ళు పచ్చబడ్డాయి, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా ఆ వాసన పోలేదు. ఎంత మంచి సంగతి దొరికింది నీకు! వెంటనే 'శ్రమ పరిమళం అంటే ఇదే కదా' అని రాసేశావు. ఎవరి శ్రమ? ఆ పసుపు రైతు చేతిదా, మార్కెట్ యార్డులో పొద్దస్తమానం సరుకు పట్టుకుని చూసి, అదే చేత్తో డబ్బు లెక్కపెట్టిచ్చిన వ్యాపారి చేతిదా? నీకు తెలీదు, ఎందుకంటే నువ్వు అడగలేదు. తెచ్చింది కొమ్ములా, కాయలా అన్నది కూడా అడగలేదు. అతను కౌంటర్ ముందే నిలబడి ఉన్నాడు, డబ్బు లెక్క తేలేదాకా ఎక్కడికీ పోడు. ఒక్క మాట అడిగి ఉంటే ఆ పసుపు ఎక్కడిదో తేలేది. అడగకుండా అర్థం చెప్పేశావు కాబట్టి నేను నమ్మలేకపోతున్నాను.

నేను నీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే, ఎన్ని పేజీలైనా ఇదే చెబుతాను. పనిచేసే చోట వింతలు దొరుకుతాయి, అయితే అవి పని లోపల ఉంటాయి. పని ఎలా జరుగుతుందో రాస్తే వింత దానంతటదే బయటికి వస్తుంది. జీవితానికి ముడిపెట్టావా, పోతుంది.

బుధవారం చూపులేని ఆయన నోట్లు తడిమి గుర్తుపట్టాడని రాసి, 'మనసుకు కళ్ళుంటాయి' అన్నావు. మనసు సంగతి వదిలెయ్. ఒక కొత్త ఐదువందల నోటు తీసుకుని రెండు అంచుల మీదా బొటనవేలు నెమ్మదిగా జరిపి చూడు. ఉబ్బెత్తుగా ఐదు గీతలు తగులుతాయి. వంద నోటుకైతే నాలుగు. అవి కాక ఐదువందలకు గుండ్రటి గుర్తు, వందకు త్రిభుజం. నోటు చేతులు మారి మెత్తబడే కొద్దీ ఆ గీతలు అరిగిపోతాయి. అప్పుడిక కొలతే ఆధారం. ఐదువందల నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, రెండువందలది 146. ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా ఆయన ఎలా పట్టుకుంటున్నాడు? రెండు నోట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంటాడా, వేళ్ళ మధ్య మడిచి కొలుచుకుంటాడా? నువ్వు గాజు అద్దానికి ఇవతల కూర్చుని ఆ చేతుల్ని కళ్ళారా చూశావు. నేను చూడలేదు. నాకు కావలసింది ఆ చేతులు.

శనివారం పిల్లాడు డిబ్బీ పగలగొట్టి తెచ్చిన చిల్లర కూడా అంతే. 'చిన్న చేతుల్లో పెద్ద కల' అని ముగించావు. ఆ నాణేల మీద సంవత్సరం కింద ఏముందో ఎప్పుడైనా చూశావా? చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో పుట్టింది, డైమండ్ ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. ఆ పిల్లాడికి అది చూపించి ఉంటే వాడు నీ కౌంటర్ దగ్గరే కూర్చుని నక్షత్రాలన్నీ ఏరేవాడు, నీకు అసలైన శనివారం దొరికేది. ఇంకో మాట. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులకు సెలవు. పెన్షన్ జనం కూడా ఉన్నారంటే నీది నెల మొదటి వారం అయ్యుండాలి. ఆ సంగతి ముందే రాయి. నెల మొదటి వారం బ్యాంకు ఎలా ఉంటుందో చదివేవాడికి వెంటనే కళ్ళకు కడుతుంది.

సోమవారం నోటు మీద ఎవరో రాసిన ప్రేమ కబురు గురించి ఎక్కువ చెప్పను. రాతలున్న నోటు చెల్లదని ఫోన్లలో పుకారు తిరుగుతుంటుంది. చెల్లుతుంది, నోట్ల మీద రాయొద్దని రిజర్వు బ్యాంకు అడుగుతోంది, అంతే. ఆ నోటు నువ్వు ఎవరికిచ్చావు, వాళ్ళు తీసుకున్నారా, మార్చమన్నారా? అది రాయి. శుక్రవారంలో ఏమీ లేదు, తీసెయ్యి.

నేను ఆర్టీసీ డిపో క్యాష్ సెక్షన్‌లో చేసేటప్పుడు టికెట్ మిషన్లు లేవు. రాత్రి డ్యూటీ దిగిన కండక్టర్లు టికెట్ల లెక్క రాసిన వేబిల్లు, మిగిలిన టికెట్లు, కలెక్షన్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళు. రేపల్లె వైపు సర్వీసు సంచి విప్పితే ఎండుచేపల వాసన గుప్పుమనేది. సంత రోజైతే సంచి నిండా చిల్లరే. కళ్ళు మూసుకుని వాసన పీల్చి ఏ రూటో చెప్పడం మా ఆట, పందెం టీ. అదంతా రాసి పేరున్న ఒక వారపత్రికకు పంపితే 'సందేశం కనిపించలేదు' అని తిప్పి పంపారు. అప్పుడు సంపాదకులందరికీ సందేశం పిచ్చి. ఉగాది పోటీకైతే ఆఖరి పేరాలో ఎవరో ఒకరు మారిపోయి తీరాలి, లేకపోతే ప్రైజు రాదు. ఇంకో పత్రికాయన వేసుకున్నాడు గానీ చివర తనే రెండు వాక్యాలు కలిపాడు, చిల్లర ఇచ్చే మనుషులకే పెద్ద మనసట. నా పేరు కింద నేను రాయని మాటలు! ఆ సంచిక ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ రెండు వాక్యాలూ పెన్నుతో కొట్టేసి దాచుకున్నాను. మా డిపోలో ఒక కండక్టరు అది చదివి, "చివర్లోది మీరు రాసింది కాదు కద్సార్" అన్నాడు. ఆ సంచి రోజూ మోసిన మనిషి కాబట్టి పట్టేశాడు. ఏ సంపాదకుడి మెప్పూ నాకు అంత బలం ఇవ్వలేదు.

నీ మీద ఇంత కోపం ఎందుకొచ్చిందంటే, అప్పుడు వాళ్ళు బలవంతంగా అతికించిన వాక్యాలను ఇప్పుడు మీ తరం ఎవరూ అడక్కుండానే అతికిస్తోంది. పొద్దున లేస్తే ఫోన్లో గుడ్ మార్నింగ్ సూక్తులు, మోటివేషన్ వీడియోలు. చూసీ చూసీ చెయ్యి అటే పోతోంది. నీ చెయ్యి అటు పోనక్కర్లేదు. గురువారం రాసింది నువ్వే.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. అది తర్వాత చూద్దాం. కలం పేరు సంగతి ఇంకోసారి.

ఆ రైతు మళ్ళీ వస్తే డబ్బు యార్డులో ఎవరిచ్చారో, ఎక్కడ లెక్కపెట్టుకున్నాడో అడుగు. పచ్చబడ్డ నోట్లు మిషన్లో పెడితే సరిగ్గా లెక్కపడుతున్నాయో, చేత్తోనే లెక్కపెట్టాల్సి వస్తోందో రాయి. ఆ నోట్లు ఏ కట్టలో పెడుతున్నావో కూడా. ముందు మంగళవారం ఒక్కటే మళ్ళీ రాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయమ్మా, అవతలి పక్క అక్షరాలు కనబడి చదవడం నా కళ్ళకు కష్టంగా ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు