మూడో సెన్సర్ కొనకముందు

చిన్నా,

నీ కారు లోపాలు చదివే స్కానర్ ఫొటోలు నువ్వు వాట్సాప్‌లో పెట్టావు, చూశాను. సైలెన్సర్ పైపులో ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ మార్చావు, నాలుగు రోజులు బాగుంది, మళ్ళీ చెక్ ఇంజిన్ లైటు. ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ మార్చావు, మూడో రోజుకే మళ్ళీ లైటు. ఇప్పుడేమో మెకానిక్ వెనక ఆక్సిజన్ సెన్సర్ కూడా మార్చేద్దాం అంటున్నాడు. ఆగు. ఫోన్లో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ "నాలుగు రోజులు బాగుంది" సంగతి. కంప్యూటర్ రాసి పెట్టుకున్న లోపం నంబరుని, అంటే కోడ్‌ని, స్కానర్‌తో చెరిపేస్తే ఎవరి బండిలోనైనా లైటు ఆరుతుంది. అది మళ్ళీ రావడానికి కొంత టైమ్ పడుతుంది. ఎందుకంటే చాలా లోపాల విషయంలో కారు కంప్యూటర్ ఒక్కసారి చూసి లైటు వెయ్యదు. ఒక ట్రిప్పులో కనిపిస్తే లోపల రాసి పెట్టుకుంటుంది, తర్వాతి ట్రిప్పులోనూ అదే కనిపిస్తే అప్పుడు వెలిగిస్తుంది. నీ రోగం ఆ నాలుగు రోజులూ అక్కడే ఉంది.

ఇక కోడ్. నీది పి0171. గాలి ఎక్కువైంది, పెట్రోల్ తక్కువైంది అని దాని అర్థం, అంతే. ఆక్సిజన్ సెన్సర్ పాడైందని అందులో ఎక్కడా లేదు. ఆ సెన్సర్ సైలెన్సర్ పైపులో కూర్చుని "ఆక్సిజన్ మిగిలిపోతోంది" అని చెప్పింది. సెల్లార్లో పొగ వస్తోందని చెప్పిన వాచ్‌మన్‌ని తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకున్నావు నువ్వు. కొత్తవాడూ అదే చెబుతున్నాడు, పాపం. అదే పి0135 లాంటిది వచ్చి ఉంటే సెన్సర్‌లోని హీటర్‌ని అనుమానించవచ్చు. అప్పుడు కూడా ముందు ఫ్యూజు, వైరు చూశాకే.

నీ రెండో ఫొటోలో అసలు విషయం ఉంది, దాన్ని ఎవరూ చదవలేదు. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు, లోపం దొరికిన క్షణాన బండి పరిస్థితి అది. స్పీడు 0, ఇంజిన్ 720 ఆర్పీఎం, కూలెంట్ 91 డిగ్రీలు. అంటే బండి బాగా వేడెక్కాక ఏదో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు దొరికింది. కింద లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ 23 శాతం. కంప్యూటర్ తన లెక్క కంటే అంత ఎక్కువ పెట్రోల్ పోస్తే తప్ప మిశ్రమం సరిపోవడం లేదు. మామూలుగా ఇది సున్నాకి అటూ ఇటూ పది లోపే ఉండాలి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటి. ఇంజిన్ వేడెక్కాక స్కానర్ పెట్టి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడ్లింగ్‌లో ట్రిమ్ అంకెలు రెండూ, షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (అలవాటైపోయిన సవరణ) కలిపి రాసుకో. తర్వాత 2,500 ఆర్పీఎం దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి మళ్ళీ రాసుకో. రేస్ చేసినప్పుడు అంకె బాగా దిగితే ఎక్కడో గాలి లీకు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి సెన్సర్ లెక్కలోకి రాకుండా దూరే దొంగగాలి వాటా పెద్దదిగా కనిపిస్తుంది, రేస్ చేస్తే అసలు గాలి పెరిగి అది చిన్నదైపోతుంది. దిగకుండా ఇంకా పెరిగితే మాత్రం పెట్రోల్ వైపు చూడాలి: పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్లు. నీది మొదటి రకం అని నా అనుమానం.

లీకు ఎక్కడుంటుందంటావా? ఎయిర్ ఫ్లో సెన్సర్‌కీ, ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు థ్రాటిల్‌కీ మధ్య హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా రబ్బరు గొట్టం ఉంటుంది. పైనుంచి చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతుంది. మన ఎండలకి మడత లోపలే, అదీ కింది వైపు, చీలుతుంది. ఇంజిన్ ఆపి, గొట్టం ఊడదీసి, రెండు చేతులతో వంచి ఒక్కో మడతా వెలుతురులో చూడు. సెన్సర్ మార్చినవాడు ఆ గొట్టం క్లిప్పు సరిగ్గా బిగించాడో లేదో కూడా చూడు. తర్వాత బ్రేక్ బూస్టర్ గొట్టం, బ్రీదర్ గొట్టం. అక్కడా దొరకకపోతే గొట్టాల్లోకి పొగ ఎక్కించి చూసే స్మోక్ టెస్ట్ ఉన్న గ్యారేజీకి తీసుకెళ్ళు, పొగ ఎక్కడ బయటికి వస్తే అక్కడే కన్నం. వేడి ఇంజిన్ మీద మండే స్ప్రే కొట్టి లీకు పట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకు, మంటలు లేచాయంటే బండి మిగలదు. సైలెన్సర్ పైపు జాయింట్ల దగ్గర మసి చారలున్నాయేమో కూడా చూడు. ముందు సెన్సర్‌కీ ఇంజిన్‌కీ మధ్య అక్కడ సందుంటే బయటి గాలి లోపలికి దూరి సెన్సర్ చేత అబద్ధం చెప్పిస్తుంది.

వైరింగ్ విషయంలో నా సిగ్గుచేటు కథ ఒకటి చెప్పాలి. షెడ్డు పెట్టిన కొత్తలో ఒకాయన బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ కోడ్. ఒకటి మార్చాను, వారంలో తిరిగొచ్చాడు. డూప్లికేట్ ముక్క అయ్యుంటుందని పుత్లీబౌలి స్పేర్ పార్టుల బజారుకి వెళ్ళి ఇంకొకటి తెచ్చి వేశాను. మళ్ళీ వచ్చాడు. అప్పుడు మా ఉస్తాద్ వచ్చి ఏ స్పానరూ ముట్టుకోలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయించి వైరింగ్ కట్టను జానెడు జానెడు పట్టుకుని ఊపుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఇంజిన్ ఠక్కున ఆగింది. టేపు విప్పితే ఎలుక కొరికిన వైరు, పచ్చగా చిలుము పట్టి రెండు పోగులు మాత్రం మిగిలాయి. రెండో సెన్సర్ డబ్బులు వాపసు ఇచ్చాను. మొదటిదానివి ఆయన అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇప్పటికీ అది గుర్తొస్తుంది.

మీ సెల్లార్లో ఎలుకలున్నాయని మీ అమ్మ చెప్పింది, వానాకాలంలో నీళ్ళలోంచి పోనిచ్చానని నువ్వే అన్నావు. కాబట్టి వైర్లు కలిసే కప్లర్లు ఊడదీసి లోపల తడి, చిలుము ఉన్నాయేమో చూడు. బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఎర్త్ చెక్ చెయ్యి: ఇంజిన్ నడుస్తూ హెడ్‌లైట్లు, ఏసీ వేసి ఉండగా మల్టీమీటర్‌లో 0.2 వోల్టులు దాటకూడదు.

బాగయ్యాక కోడ్ చెరిపి, రాత్రంతా చల్లారిన బండిని పొద్దున్నే తియ్యి. కాసేపు సిటీలో తిప్పి, గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా ఒకే స్పీడులో 80 మీద వెళ్ళిరా. ఇంటికొచ్చాక ట్రిమ్ అంకెలు చూడు. లైటు ఆరిందా అని కాదు, 23 ఎంతకు దిగిందో నాకు చెప్పు. ఈలోగా లైటు టపటపా కొట్టుకుంటూ ఇంజిన్ కుదుపుతూ మిస్సింగ్ వస్తే మాత్రం బండి పక్కకి తీసి ఆపేయి. కాలని పెట్రోల్ వెళ్ళి, పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ముందు నీ సెన్సర్ల ఖర్చు చిల్లర.

ఆదివారం ఖాళీ అయితే బండి ఇక్కడికే తెచ్చుకో, గొట్టం నేను విప్పుతాను. తీసేసిన రెండు సెన్సర్లూ పారెయ్యలేదు కదా? వాటినీ డిక్కీలో వేసుకుని రా.

మీ పెదనాన్న