గాలివాన కంటే ముందు గ్యారేజీ సంగతి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

హ్యూస్టన్‌లో సొంత ఇల్లు కొన్నావని తెలిసి, ఇక్కడ అవనిగడ్డలో మీ పెద్దమ్మ వీధి వీధంతా చక్కెర పొంగలి పంచింది. అయితే హరికేన్ వచ్చినా ఇల్లు కదిలేది లేదని, జనరేటర్ కూడా కొన్నామని నువ్వు అన్నట్లు మీ నాన్న చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తాగునీరు మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున నిలవ చేసుకో. మందులు, టార్చిలైట్లు, ఇంటి పత్రాలు ఒకే సంచిలో ఉంచు. కరెంటు పోతే, తలుపు తెరవకపోయినా ఫ్రిజ్ నాలుగు గంటలే చల్లగా ఉంటుంది. వరద బీమా మామూలు ఇంటి బీమాలో ఉండదు. విడిగా కొన్నా సాధారణంగా 30 రోజులకు గానీ అమలులోకి రాదు కనుక, టీవీలో తుఫాను పేరు వినబడ్డాక ఏజెంటుకు ఫోన్ చేసి లాభం లేదు. అధికారులు ఖాళీ చేయమంటే వాదించకుండా కారెక్కు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఈ దివిసీమలో చూసినవాడిని, ఈ ఒక్క మాటలో నాతో బేరమాడకు.

ఆ ఉప్పెన భయమే నా చేత పెద్ద తప్పు చేయించింది. మేమూ హ్యూస్టన్‌లో ఉన్న రోజుల్లో, 2008 సెప్టెంబరు 13 తెల్లవారుజామున ఐక్ హరికేన్ అక్కడికి చేరువలోని గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. మా వీధిలోకి నీరు రాలేదు గానీ కరెంటు పోయింది. మరునాడు మళ్ళీ వాన పట్టుకోగానే, కొత్త జనరేటర్ తడిసిపోతుందని గ్యారేజీలోకి లాగి, గాలి ఆడుతుందిలే అని తలుపు సగం ఎత్తి ఉంచాను. వీధిలోకి నీరు వస్తుందేమోనని కిటికీ దగ్గరే కాపలా కూర్చున్నానే తప్ప, ఇంట్లోకి వచ్చేది నీరొక్కటే కాదని తోచలేదు. మీ పెద్దమ్మ తలనొప్పి అంటే నిద్ర లేకపోవడం వల్లనేమోనని కాఫీ కలిపి ఇచ్చాను. ఉప్పెన రాత్రి తాడిచెట్టును పట్టుకుని బతికిన మీ నాన్నమ్మ, దేవుడి ముందు దీపం పెట్టబోయి అక్కడే కూలిపోయింది. ఇద్దరినీ వానలోకి ఈడ్చుకొచ్చాను. పక్కింటాయన పరుగున వచ్చి ఇంజన్ ఆపాడు. ఇంజన్ పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు అని ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడుతూ నర్సు చెప్పేదాకా చదువుకున్నవాడినైన నాకు స్ఫురించలేదు.

అందుచేత జనరేటర్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరాన, పొగ గొట్టం కిటికీలకు ఎదురుగా లేకుండా, దానికంటూ తయారుచేసిన గుడారం కింద పెట్టు. ఇంజన్ చల్లారాకే పెట్రోలు నింపు. దాని తీగను గోడ ప్లగ్గులో గుచ్చావంటే, ఆ కరెంటు వీధి తీగలలోకి ఎదురెక్కి లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. బెరిల్ హరికేన్ అన్నిటికంటే తక్కువ తీవ్రత గల మొదటి కేటగిరీదేలే అనుకుంటే, 2024 జూలైలో మీ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కరెంటు కనెక్షన్లు చీకటైపోయాయి. కనుక చిన్న తుఫానే కదా అని బద్ధకించకు.

కోప్పడ్డానని అలగకు తల్లీ. పడకగదుల బయట బ్యాటరీతో పనిచేసే మోనాక్సైడ్ అలారాలు బిగించి ఫోటో పంపు. గృహప్రవేశం ఫోటోల కంటే ముందు దానికోసమే మీ పెద్దమ్మ ఎదురుచూస్తోంది.